వేలిముద్ర నేర్పిన పాఠం – పరిశోధనను ఒక పేజీ నోట్‌గా రాయడం ఎలా?

బ్యాంకు ఉద్యోగంలో నోట్ రాయనివాళ్లు ఉండరు. రుణం మంజూరుకైనా, శాఖకు కొత్త జనరేటర్ కావాలన్నా ఒక పేజీ కాగితం పైకి వెళ్తుంది, ఒక సంతకం కిందికి వస్తుంది. ఆ సంతకంతో ఎక్కడో ఎవరి రోజో కాస్త మారుతుంది. 2017లో నేను రాసిన ఒక నోట్ వల్ల ఒక ముసలావిడ రోజు మారింది. మంచికి కాదు. ఆ పొరపాటు నుంచి నేర్చుకున్నదే ఈ వ్యాసం. చదువుకున్న విషయాన్ని పనికొచ్చే సలహాగా మార్చి పై అధికారికి ఇవ్వడం ఎలాగో మన పిల్లలకూ, పదోన్నతి ఇంటర్వ్యూలకు తయారవుతున్న సహోద్యోగులకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

అప్పట్లో నేను రాయలసీమలోని ఒక జిల్లాలో పనిచేస్తున్నాను. ఉపాధి హామీ కూలి డబ్బు ఖాతాల్లో పడిన రోజు గ్రామీణ శాఖల ముందు క్యూ రోడ్డు దాకా ఉండేది. ఒక కౌంటరు, ఒక క్యాషియరు, మూడు నాలుగు వందల మంది జనం. ఊళ్లలో మాత్రం బ్యాంకు మిత్రలు చేతి యంత్రాలతో ఖాళీగా కూర్చునేవారు. ఈ రద్దీకి మందు కనిపెట్టమని మా పై కార్యాలయం నన్ను అడిగింది.

చదివే అలవాటు ఉన్నవాణ్ణి కాబట్టి వెతికాను. 2016 అక్టోబరులో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’ అనే పేరున్న అర్థశాస్త్ర పత్రికలో ఒక పరిశోధనా పత్రం వచ్చింది. అది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గురించే. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు రాశారు. వేలిముద్రతో నడిచే స్మార్ట్‌కార్డుల ద్వారా ఉపాధి కూలి, పింఛన్లు ఇస్తే డబ్బు త్వరగా అందిందనీ, మధ్యలో కారిపోవడం తగ్గిందనీ అందులో ఉంది. నేను చదివింది పత్రం మొదట్లో ఉండే సారాంశం. దాన్ని పట్టుకుని నోట్ రాసేశాను.

నా నోట్ సారం ఇది: ‘వేలిముద్ర చెల్లింపు వేగవంతమైనది, అవినీతి లేనిది అని శాస్త్రీయంగా రుజువైంది. కాబట్టి రెండు వేల రూపాయల లోపు విత్‌డ్రాయల్స్ అన్నీ బ్యాంకు మిత్రల దగ్గరే జరగాలి. శాఖ కౌంటరులో ఓచరు మీద ఇవ్వడం ఆపాలి.’ పై కార్యాలయం కొన్ని శాఖల్లో ఒక నెల పరీక్షగా అమలు చేసింది. మొదటి వారం క్యూలు తగ్గాయి. నన్ను మెచ్చుకున్నారు కూడా.

మూడో వారంలో ఒక శాఖకు వెళ్లాను. మెట్ల మీద ఒక ముసలావిడ పాసుపుస్తకం గుడ్డలో చుట్టుకుని కూర్చుంది. ఏళ్ల తరబడి పలుగూ పారా పట్టిన చేతులు. వేళ్ల మీద గీతలే లేవు. యంత్రం ఆమె వేలిని గుర్తించదు. బ్యాంకు మిత్ర ‘శాఖకు పో అవ్వా’ అని పంపింది. శాఖలో ‘పైనుంచి ఆర్డరు వచ్చింది, మిత్ర దగ్గరికే పో’ అన్నారు. అలా మూడుసార్లు తిరిగింది. ‘నా లెక్కలో దుడ్డు ఉందంటారు, నా చేతికియ్యరు. నేనేం తప్పు జేసినా నాయనా?’ అని అడిగింది. ఆమె రాని రోజు కూలి పోయింది, బస్సు ఛార్జీ పోయింది. ఆ ఆర్డరు నా నోట్ నుంచి పుట్టిందని ఆమెకు తెలియదు.

ఆ రోజు శాఖ మేనేజరు గారితో మాట్లాడి ఓచరు మీదే ఆమెకు డబ్బు ఇప్పించాం. ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఆ పరిశోధనా పత్రాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను.

అసలు పరిశోధన ఏం చెప్పింది?

స్మార్ట్‌కార్డు పథకం రాకముందు ఉపాధి కూలి ఎక్కువగా పోస్టాఫీసుల ద్వారా, పింఛన్లు పంచాయతీ ఉద్యోగుల చేతుల మీదుగా వెళ్లేవి. కొత్త పద్ధతిలో ప్రభుత్వం ఈ పనిని బ్యాంకులకు అప్పగించింది. బ్యాంకులు సాంకేతిక సంస్థలతో కలిసి ఊరూరా ఒక చెల్లింపు ప్రతినిధిని పెట్టాయి. ఆ ప్రతినిధి అదే ఊరిలో ఉండే మహిళ అయి ఉండాలి, స్వయం సహాయక సంఘంలో సభ్యురాలై ఉండాలి, హైస్కూలు చదువు ఉండాలి అన్న నియమాలు పెట్టారు. లబ్ధిదారు కార్డు పెట్టి, వేలు ఆనిస్తే డబ్బూ రసీదూ చేతికొస్తాయి.

ఈ పథకం పనిచేసిందో లేదో తేల్చడానికి పరిశోధకులు ప్రభుత్వంతో ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం – ఈ 8 జిల్లాల్లో పథకం ఎటూ ఒకేసారి అన్ని చోట్లా మొదలుపెట్టడం కుదరదు. ఎక్కడ ముందు, ఎక్కడ వెనుక అన్నది లాటరీ తీసి నిర్ణయిద్దాం అన్నారు. అలా 112 మండలాలకు 2010లో ముందుగా, 45 మండలాలకు 2012లో చివరగా వచ్చింది. మధ్యలో ఉన్న మిగతా మండలాలను పోలికలోకి తీసుకోలేదు. ఈ 157 మండలాల్లో కోటీ 90 లక్షల మంది జనం.

లాటరీ ఎందుకు? మంచి ఎంపీడీవో ఉన్న మండలంలోనో, రోడ్లు బాగున్న మండలంలోనో ముందుగా పెడితే ఫలితం బాగానే వస్తుంది. అది కార్డు గొప్పో, ఎంపీడీవో గొప్పో ఎవరూ చెప్పలేరు. లాటరీ తీస్తే రెండు గుంపుల్లోనూ మంచీ చెడూ దాదాపు సమానంగా కలిసిపోతాయి. తర్వాత కనిపించే తేడాకు కారణం కార్డే అని ధైర్యంగా చెప్పవచ్చు.

2012లో ఇంటింటికీ వెళ్లి అడిగారు. ప్రభుత్వ రికార్డులో ఈ కుటుంబానికి ఇంత ఇచ్చినట్టుంది, మీకు నిజంగా ఎంత అందింది? ఈ రెంటి మధ్య తేడాయే కారిపోయిన సొమ్ము. ఫలితాలు ఇవీ:

కూలి తీసుకోవడానికి పట్టే సమయం ప్రతిసారీ 21 నిమిషాలు తగ్గింది. అంటే దాదాపు ఐదో వంతు. పని చేసిన తర్వాత డబ్బు చేతికందే గడువు 6 నుంచి 10 రోజుల దాకా తగ్గింది. ఉపాధి హామీలో ప్రభుత్వం పెట్టిన ఖర్చు మారలేదు కానీ కుటుంబాలకు అందినది 24 శాతం పెరిగింది. కూలీలకు ఆదా అయిన సమయం విలువ ఒక్కటే లెక్కేసినా పథకానికైన ఖర్చుకు సరిపోయింది.

ఇక్కడి దాకా నాకు తెలుసు. నేను చదవకుండా వదిలేసిన పేజీల్లో మరో మూడు విషయాలు ఉన్నాయి.

మొదటిది: రెండేళ్ల తర్వాత కూడా కార్డు వచ్చిన మండలాల్లో వేలిముద్రతో జరిగిన చెల్లింపులు దాదాపు సగమే. మిగతా సగం పాత పద్ధతిలోనే నడిచాయి. రెండోది: కార్డు లేదనో, వేలు పడలేదనో ఎవరికీ డబ్బు ఆపలేదు. వాళ్లకు వేరే దారి తెరిచే ఉంచారు. మూడోది: చెల్లింపు చోటు దగ్గరైంది. డబ్బు ఇచ్చే మనిషి మారింది. అంటే ఆ మంచి ఫలితం యంత్రం ఒక్కదానిది కాదు. ఊళ్లోనే డబ్బు అందడం, అదే ఊరి మహిళ చేతుల మీదుగా అందడం, వేలు పడనివారికి మరో దారి ఉండడం – ఇవన్నీ కలిసిన పద్ధతిది.

నేను నా నోట్‌లో ఆ ‘మరో దారి’నే మూసేశాను. పైగా దానికి ఆ పరిశోధననే సాక్ష్యంగా చూపించాను!

అదే వేలిముద్ర, మరో రాష్ట్రం

కొన్నేళ్లకు, 2020లో, దాదాపు అదే పరిశోధకుల బృందం జార్ఖండ్ నుంచి మరో ఫలితం బయటపెట్టింది. అక్కడ ప్రశ్న రేషన్ బియ్యానిది. రేషన్ దుకాణంలో ఆధార్ వేలిముద్ర పడితేనే సరుకు ఇవ్వాలన్న నిబంధనను లాటరీ పద్ధతిలో కొన్ని చోట్ల ముందుగా అమలు చేశారు. కోటీ 50 లక్షల మంది లబ్ధిదారులకు సంబంధించిన పరీక్ష అది.

ఫలితం మన దగ్గరి దానికి దాదాపు ఎదురుగా వచ్చింది. వేలిముద్ర తప్పనిసరి చేసినందువల్ల మాత్రమే సరుకు కారిపోవడం తగ్గలేదు. సగటు కుటుంబానికి సరుకు తెచ్చుకునే శ్రమ, ఖర్చు కాస్త పెరిగాయి. అంతకుముందు కార్డుకు ఆధార్ జోడించుకోని కుటుంబాలకు అందే సరుకు 10 శాతం తగ్గింది. ఆ తర్వాత యంత్రంలో నమోదైన లెక్కల ప్రకారం దుకాణాలకు సరుకు కేటాయించడం మొదలుపెట్టాక కారిపోవడం బాగా తగ్గింది. కానీ దాంతోపాటు అసలైన లబ్ధిదారులకు అందేది కూడా తగ్గింది.

ఎందుకిలా? ఆలోచిస్తే కారణం కష్టమైనదేమీ కాదు. వేలిముద్ర ‘మనిషి ఎవరు’ అన్నది మాత్రమే తేలుస్తుంది. లేని మనిషి పేరు మీద కూలి తీసుకునే మోసాన్ని అది పట్టుకుంటుంది. కానీ డీలరు ఐదు కిలోలకు వేలు వేయించుకుని నాలుగున్నర కిలోలు తూచి ఇస్తే వేలిముద్ర ఏం చేయగలదు? తూకంలో మోసానికి మందు తూకం దగ్గరే ఉంటుంది. రోగం ఒకటి, మందు మరొకటి అయితే జబ్బు తగ్గదు. మందు ఖర్చు, చేదు మాత్రం మిగులుతాయి.

ఈ రెండు పరిశోధనలను పక్కపక్కన పెడితే ఒక మాట అర్థమవుతుంది. ‘వేలిముద్ర మంచిదా, చెడ్డదా?’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఏ పథకంలో, ఏ మోసానికి, ఏ మినహాయింపులతో అన్న ప్రశ్నకే జవాబు ఉంటుంది. సారాంశంలో ఎగిరిపోయేది సరిగ్గా ఈ భాగమే.

నోట్ రాసే ముందు వేసుకోవాల్సిన ఆరు ప్రశ్నలు

విధానం తయారుచేసేవాళ్లంటే ఢిల్లీలోనో, అమరావతి, హైదరాబాదుల్లోనో ఉండేవాళ్లు మాత్రమే కాదు. మన ప్రాంతీయ కార్యాలయం, జిల్లా కలెక్టరు, లీడ్ బ్యాంకు, ఒక శాఖ మేనేజరు కూడా తమ పరిధిలో విధానం తయారుచేసేవారే. పిల్లల బడి కమిటీలో ఉన్న తల్లి కూడా అంతే. వీరెవరికైనా పరిశోధన ఆధారంగా సలహా ఇచ్చే ముందు నేను ఇప్పుడు ఈ ఆరు ప్రశ్నలు వేసుకుంటాను.

1. నిర్ణయం ఏమిటి? పరిశోధకుడు ‘ఏది నిజం?’ అని అడుగుతాడు. అధికారి ‘సోమవారం నుంచి నేనేం చేయాలి?’ అని అడుగుతారు. ఈ రెండూ వేరు. ఒక జిల్లా సమావేశంలో నేను పది నిమిషాలు గణాంకాలు చెప్పాక కలెక్టరు గారు ఓపిగ్గా విని, ‘అంతా బాగుంది. ఇప్పుడు నేను సంతకం పెట్టాల్సింది దేనిమీద?’ అన్నారు. అప్పటి నుంచి నోట్ మొదటి వాక్యంలోనే నిర్ణయాన్ని రాస్తున్నాను.

2. దేనితో పోల్చారు? పథకం వచ్చాక పరిస్థితి బాగుపడింది అంటే చాలదు. అది వానలు బాగా పడినందువల్ల కావచ్చు. పథకం రాని, అన్ని విధాలా అలాంటిదే అయిన మరో చోటుతో పోల్చారా? లాటరీ తీశారా? లేకపోతే ముందూ తర్వాతా మాత్రమే చూశారా? పోలిక ఎంత గట్టిగా ఉంటే మన మాట అంత గట్టిగా ఉండవచ్చు.

3. ఎంత? ‘గణనీయంగా తగ్గింది’ అన్న మాట నోట్‌లో ఉండకూడదు. పరిశోధనా పత్రాల్లో ఆ మాటకు అర్థం ‘ఈ తేడా యాదృచ్ఛికం కాదు’ అని మాత్రమే. పెద్ద తేడా అని కాదు. నిమిషాల్లో, రోజుల్లో, రూపాయల్లో చెప్పాలి. శాతాల దగ్గర మరీ జాగ్రత్త. స్మార్ట్‌కార్డు పరిశోధనలో ఉపాధి హామీ సొమ్ము కారిపోవడం 41 శాతం తగ్గిందని చదువుతాం. దీన్ని ‘100 రూపాయల్లో 41 మిగిలాయి’ అనుకుంటే తప్పు. పాత పద్ధతిలో 100 రూపాయల్లో సుమారు 31 కారిపోయేవి. కొత్త పద్ధతిలో అందులో 12.7 రూపాయలు తగ్గి సుమారు 18 కారిపోతున్నాయి. 31లో 12.7 అంటే 41 శాతం. రెండు అంకెలూ నిజమే. కానీ ఒక్కటే చెబితే అధికారి పొరబడతారు. పోటీ పరీక్షలు రాసే మన పిల్లలు శాతానికీ, శాతం పాయింట్లకూ ఉన్న ఈ తేడాను గట్టిగా పట్టుకోవాలి.

4. ఏ షరతుల మీద? అక్కడ పనిచేసింది ఇక్కడ పనిచేయాలంటే ఏమేం ఉండాలి? ఊళ్లో ప్రతినిధి ఉండాలా? నెట్‌వర్క్ ఉండాలా? మరో దారి తెరిచి ఉండాలా? ఈ జాబితా లేని సలహా అంటే కొలతలు లేని వంట పుస్తకమే.

5. ఎవరికి నష్టం? సగటు బాగున్నా, ఆ సగటు కింద ఎవరో నలిగిపోతూ ఉండవచ్చు. వృద్ధులు, చేతిపని కూలీలు, ఆధార్ సరిగ్గా జోడించుకోనివాళ్లు, వలస వెళ్లినవాళ్లు – వీరిలో ఎవరికి ఏమవుతుందో విడిగా రాయాలి. వీరి గొంతు సమావేశపు గదికి చేరదు. నోట్ రాసేవాడే చేర్చాలి.

6. ఎవరు చేస్తారు, ఎప్పుడు తిరిగి చూస్తాం? ఖర్చు ఎంత, బాధ్యత ఎవరిది, మూడు నెలల తర్వాత ఏ అంకె చూసి కొనసాగించాలో ఆపాలో నిర్ణయిస్తాం – ఇది లేకపోతే నోట్ ఫైల్లో పడుకుంటుంది, లేదా తప్పు జరిగినా ఆగదు.

గొంతు పెద్దదైనవారూ, సంఖ్య పెద్దదైనవారూ

అయిదో ప్రశ్నకు మరో ముఖం కూడా ఉంది. స్మార్ట్‌కార్డు పథకం మీద కింది నుంచి ఫిర్యాదులు ఎక్కువగా వచ్చి, ఒక దశలో ప్రభుత్వం దాన్ని ఆపేద్దామా అన్న ఆలోచన దాకా వెళ్లింది. ఎందుకంటే మధ్యలో సొమ్ము పోగొట్టుకున్నవాళ్లు కొద్దిమందే అయినా, వాళ్లకు పైవాళ్లతో పరిచయం ఉంటుంది, ఫోను చేస్తే ఎత్తుతారు. లాభపడినవాళ్లు లక్షల మందే అయినా, ఒక్కొక్కరికీ మిగిలింది కాస్త సమయం, కాస్త డబ్బు. దానికోసం ఎవరూ సచివాలయానికి ఉత్తరం రాయరు.

పరిశోధకులు లబ్ధిదారులనే నేరుగా అడిగారు. పదిమందిలో తొమ్మిదిమంది పాత పద్ధతి కన్నా కొత్తదే మేలన్నారు. ఈ సమాచారం అధికారుల ముందుకు రావడం పథకం నిలబడడానికి తోడ్పడింది. ఇక్కడ పరిశోధన చేసిన మేలు ఏదో గొప్ప సిద్ధాంతం చెప్పడం కాదు. గదిలోకి రాలేని లక్షల మంది మాటను ఒక అంకెగా మార్చి బల్ల మీద పెట్టడం.

అంటే మనం రెండువైపులా వినాలి. నష్టపోతున్న పేదలు కొద్దిమందే అని వదిలేయకూడదు. లాభం పోగొట్టుకున్న పెద్దల ఫిర్యాదునే ప్రజాభిప్రాయం అనుకోకూడదు. ఏది ఏదో తేల్చాలంటే వెళ్లి అడగాలి.

చిన్న పని, చక్కని ఫలితం

పరిశోధన ఎప్పుడూ పెద్ద యంత్రాలూ, పెద్ద ఖర్చులే చెప్పదు. 2018లో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు మొదలుపెట్టినప్పుడు ఎకరానికి 4,000 రూపాయల చొప్పున రైతులకు చెక్కులు పంచారు. ఆ మే నెలలో తెలంగాణ శాఖల్లో పనిచేసినవారికి ఆ చెక్కుల రద్దీ గుర్తుండే ఉంటుంది. సుమారు 57 లక్షల మంది రైతుల పథకం అది.

అప్పుడు ఒక పరిశోధన జరిగింది. లాటరీలో వచ్చిన కొన్ని ప్రాంతాల్లోని వ్యవసాయ అధికారులకు ఒకే ఒక్క మాట ముందుగా చెప్పారు: ‘మీ ప్రాంతపు రైతులకు ఫోను చేసి చెక్కు అందిందా అని అడుగుతాం.’ కొత్త ఉద్యోగులు లేరు, కొత్త యంత్రాలు లేవు. ఆ ఒక్క మాటకే చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతుకు చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు 3.6 పైసలు.

పై ఆరు ప్రశ్నలు దీనికి వేసి చూడండి. నిర్ణయం – ఫోన్ చేసి అడగాలా వద్దా. పోలిక – లాటరీ. ఎంత – 7.8 శాతం, ఇక్కడా జాగ్రత్త, ఇది మొత్తం రైతుల్లో కాదు, అందనివాళ్లలో తగ్గుదల. షరతు – రైతుల ఫోను నంబర్లు ఉండాలి, అడుగుతామని చెప్పాక నిజంగా అడగాలి. నష్టం – ఫోను లేని రైతు మాట మనకు వినిపించకపోవచ్చు. ఖర్చు – 3.6 పైసలు. ఒక పేజీలో సగానికి అయిపోయింది. ఏ అధికారికైనా అర్థమవుతుంది.

నా నోట్‌ను మళ్లీ రాశాను

మళ్లీ నా కథకు వస్తాను. ఆ నెల పూర్తి కాకముందే నేను రెండో నోట్ పెట్టాను. మొదటి నోట్ తప్పని మొదటి పేరాలోనే ఒప్పుకున్నాను. అది రాయడానికి చేయి కాస్త వణికింది. మెచ్చుకున్న మూడు వారాలకే వెనక్కి తీసుకోవడం ఎవరికి ఇష్టం? మా పెద్ద మేనేజరు గారు చదివి, ‘తప్పు రాసినందుకు కాదుగానీ, దిద్దుకోకపోయి ఉంటే తిట్టేవాణ్ణి’ అన్నారు.

రెండో నోట్ ఇలా ఉంది: ‘చిన్న విత్‌డ్రాయల్స్‌ను బ్యాంకు మిత్రల వైపు ప్రోత్సహించాలి, తప్పనిసరి చేయకూడదు. ఇలాంటి చెల్లింపు మన రాష్ట్రంలో మంచి ఫలితం ఇచ్చినప్పుడు, వేలు పడనివారికి మరో దారి తెరిచే ఉంది. కాబట్టి వేలిముద్ర రెండుసార్లు పడకపోతే మిత్ర ఒక చీటీ రాసి ఇవ్వాలి. ఆ చీటీతో వచ్చినవారికి శాఖలో క్యూ లేకుండా ఓచరు మీద డబ్బు ఇవ్వాలి. ప్రతి మిత్ర ఒక రిజిస్టరు పెట్టి, వేలు పడనివారి పేర్లు రాయాలి. మూడు నెలల తర్వాత ఆ రిజిస్టర్లు చూసి నిర్ణయం మళ్లీ పరిశీలిద్దాం.’

మొదటి నోట్ కన్నా ఇది కొన్ని వాక్యాలు ఎక్కువ. ‘శాస్త్రీయంగా రుజువైంది’ అన్న గంభీరమైన మాట ఇందులో లేదు. కానీ అధికారి ఏం చేయాలో ఉంది, మిత్ర ఏం చేయాలో ఉంది, ముసలావిడ ఎటు వెళ్లాలో ఉంది. క్యూలు మొదటి నెలలో తగ్గినంత తగ్గలేదు. అయినా ఎవరూ మూడుసార్లు తిరగలేదు.

రిజిస్టర్లు వచ్చాక మరో సంగతి తెలిసింది. వేలు పడనివారిలో కొందరికి నిజానికి వేళ్ల సమస్య కాదు. ఆధార్‌లో నమోదు చేసినప్పుడే వేలిముద్రలు సరిగ్గా తీయలేదు. వాళ్లను నమోదు కేంద్రానికి పంపి మళ్లీ వేయిస్తే సరిపోయింది. మిగిలినవాళ్లకు చీటీ కొనసాగింది. ఇది ఏ పరిశోధనా పత్రంలోనూ లేదు. మా మిత్రల చేతిరాత రిజిస్టర్లలో ఉంది. పరిశోధన దారి చూపిస్తుంది కానీ, మన ఊరి గుంతలు మన కళ్లకే కనిపిస్తాయి.

చివరగా

మన ఇళ్లలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు ఉన్నారు, సివిల్స్‌కు చదువుతున్నవాళ్లు ఉన్నారు. పరిశోధన చేసేవారికి నా విన్నపం ఒకటే: మీ ఫలితంతో పాటు దాని షరతుల్ని కూడా మొదటి పేజీలోకి తీసుకురండి. తీరిక లేని అధికారులు, నాలాంటి తొందరపాటు మనుషులు అక్కడి దాకానే చదువుతారు. రేపు అధికార కుర్చీలో కూర్చునేవారికి మరో విన్నపం: నోట్ తెచ్చినవాణ్ణి ‘దీనివల్ల ఎవరికి ఇబ్బంది?’ అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు లేకపోతే సంతకం ఒక రోజు ఆపండి.

ఎంత మంచి పరిశోధనైనా ఎవరూ చదవకపోతే అడవి గాచిన వెన్నెలే. సగం చదివి అమలు చేస్తే అంతకన్నా నష్టం. ఆ సంగతి నాకు పుస్తకాల కన్నా ముందు శాఖ మెట్ల మీద కూర్చున్న ఆ అవ్వ చెప్పింది. ఆ తర్వాత నేను ఆ శాఖకు వెళ్లినప్పుడు ఆమె చీటీ చేత్తో పట్టుకుని నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చింది. డబ్బు లెక్కపెట్టుకుని, గుడ్డలో ముడి వేసుకుని, బస్సు వేళయిందని వెళ్లిపోయింది. నన్ను గుర్తుపట్టలేదు.